నిద్రమాత్ర మానాలంటే ముందు మంచం మీద గడిపే గంటలు తగ్గించాలి

మీ ప్రశ్నలో నాకు అర్థమైన సంగతులు ఇవీ. అమ్మగారికి 58 ఏళ్లు. మూడేళ్ల కిందట నాన్నగారు పోయినప్పుడు మీ ఊరి డాక్టరు "రెండు వారాలు వాడండి" అని ఆల్‌ప్రజొలామ్ అనే మత్తు మాత్ర 0.5 మిల్లీగ్రాములు రాసిచ్చారు. ఆ రెండు వారాలు మూడేళ్లయ్యాయి. పాత చీటీ చూపించి మందుల షాపులో తెచ్చుకుంటున్నారు. ఇప్పుడు మాత్ర వేసుకున్నా రాత్రి రెండున్నరకే మెలకువ వస్తోంది. కొన్ని రాత్రులు రెండోది కూడా వేసుకుంటున్నారు. మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మీరు పట్టుబట్టి మాన్పిస్తే మూడు రాత్రులు కంటి మీద కునుకు లేదు, చేతులు వణికాయి. నాలుగో రోజు మళ్లీ మొదలుపెట్టారు. "మాత్రలు మాన్పించి మంచి అలవాట్లతో నిద్ర తెప్పించవచ్చా, లేక ఇక జీవితాంతం ఇంతేనా?" అన్నది మీ ప్రశ్న.

నేను మానసిక వైద్యుడిని. తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలో ఇరవై ఏళ్లకు పైగా ప్రాక్టీసు చేస్తున్నాను. మీ అమ్మగారి కథ లాంటిది వారానికి నలుగురైదుగురు వచ్చి చెబుతారు. జవాబు ముందే చెప్పేస్తాను. మానొచ్చు. కానీ మీరు సంక్రాంతికి చేసిన పద్ధతిలో కాదు, మీరు అనుకుంటున్న "మంచి అలవాట్ల"తో కూడా కాదు.

మీరు రాసిన అలవాట్ల జాబితా చూశాను. రాత్రి ఫోన్ చూడకూడదు, గది చీకటిగా ఉండాలి, సాయంత్రం కాఫీ వద్దు, పడుకునే ముందు గోరువెచ్చని పాలు తాగాలి. ఇవి పాటించడంలో తప్పేమీ లేదు. అయితే నెలల తరబడి పాతుకుపోయిన నిద్రలేమి వీటితోనే పోదు. గేదె చేలో పడ్డాక కంచె బాగుచేసినట్టు ఉంటుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ జాగ్రత్తలు ఒక్కటే చికిత్సగా ఇవ్వవద్దనే సూచించింది. ఇంకో తమాషా చెబుతాను. నిద్ర చికిత్సల మీద జరిగే పరిశోధనల్లో ఒక గుంపుకి అసలు చికిత్స ఇస్తారు. పోల్చి చూడటానికి రెండో గుంపుకి చాలాసార్లు ఇచ్చేది ఈ జాబితానే. అంటే పరిశోధకుల లెక్కలో ఇది మందు లేని ఉత్తుత్తి పంచదార మాత్రకు చెల్లెలు వరస. కాబట్టి అమ్మగారు పాలు తాగినా, ఫోన్ పక్కన పెట్టినా నిద్ర పట్టలేదంటే అది ఆవిడ తప్పు కాదు. "అన్నీ పాటించినా నాకు పట్టలేదు, ఇక మాత్రే దిక్కు" అని చాలామంది తేల్చేసుకునేది ఇక్కడే.

మరి పనిచేసేది ఏమిటి? దాన్ని సీబీటీ-ఐ అంటారు. నిద్రలేమికి ప్రత్యేకంగా తయారుచేసిన ఆలోచన, ప్రవర్తనల చికిత్స. పెద్దల్లో దీర్ఘకాలిక నిద్రలేమికి మందుల కన్నా ముందు ఇదే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. పేరు వినగానే కూర్చోబెట్టి కబుర్లు చెబుతారనుకుంటారు. దాని గుండెకాయ కబుర్లు కాదు, లెక్క. ఆ లెక్క అమ్మగారితోనే చేద్దాం.

ఆవిడ సీరియళ్లు అయ్యాక రాత్రి 9కి పడుకుంటారు, ఉదయం 6కి లేస్తారు. భోజనం చేశాక మధ్యాహ్నం గంటన్నర నడుం వాలుస్తారు. మొత్తం మంచం మీద పదిన్నర గంటలు. మీరు రాసినదాన్ని బట్టి రాత్రి నిద్ర దాదాపు ఐదు గంటలు, మధ్యాహ్నం ఓ గంట. ఆరు గంటల నిద్రని పదిన్నర గంటల మీద పరుస్తున్నారు. పిండి గరిటెడే ఉంది, పెనం పెద్దది, దోసె పెనమంతా రావాలంటే చిల్లులు పడక ఏమవుతుంది? రెండున్నరకి వచ్చే మెలకువ ఆ చిల్లే.

ఆవిడ అంతసేపు ఎందుకు పడుకుంటున్నారు? నిద్ర చాలడం లేదు కాబట్టి. త్వరగా పడుకుంటే కొంచెమైనా పడుతుందని, పగలు కాస్త పూడ్చుకుందామని. ఎవరికైనా తోచేది ఇదే, నిద్రలేమిని మూడేళ్లు పెంచి పోషించేది కూడా ఇదే. ఆర్థర్ స్పీల్‌మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1980ల్లో ఈ సంగతి తేటగా చెప్పాడు. నిద్రలేమిని మొదలుపెట్టే కారణం ఒకటి, దాన్ని కొనసాగించే కారణం ఇంకొకటి. నాన్నగారు పోవడం నిప్పు రాజేసింది. ఇవాళ ఆ పొయ్యిలో కట్టెలు ఎగదోస్తున్నది మాత్రం తొందరగా పడుకోవడం, పగటి కునుకు, మంచం మీద దొర్లుతూ గడియారం చూడటం, "ఇవాళ కూడా పట్టదేమో" అన్న బెంగ.

"ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు" అన్న సామెత మనందరికీ తెలుసు. అందులో ఉన్న శాస్త్రం చాలామందికి తట్టదు. నిద్ర కూడా ఆకలి లాంటిదే. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ నిద్ర ఆకలిని పెంచుతుంది. నిద్రపోతే అది కరుగుతుంది. శివరాత్రి జాగారం చేసిన మర్నాటి రాత్రి ఎవరికైనా నిద్రమాత్ర కావాలా? పరుపు ఉందా చాప ఉందా అని కూడా చూడరు. అదే మధ్యాహ్నం గంటన్నర పడుకున్న మనిషి రాత్రి 9కి పక్క మీదకి చేరితే, సాయంత్రం ఆరింటికి నాలుగు బజ్జీలు తిని ఏడింటికి అన్నానికి కూర్చున్నట్టే. కాఫీ, టీల సంగతి కూడా ఇందులో భాగమే. కెఫీన్ ఆ అడినోసిన్ పనిని అడ్డుకుంటుంది. సాయంత్రం 5కి తాగినదానిలో సగం రాత్రి 10 దాకా ఒంట్లో ఉంటుంది. అమ్మగారు 7 గంటలకి తాగే రెండో టీ మానేయమనండి. ఆ జాబితాలో నేను గట్టిగా పట్టుబట్టేది ఇదొక్కటే.

ఇక పద్ధతి. మొదటి రెండు వారాలు ఏమీ మార్చవద్దు, మాత్ర కూడా. ఒక నోటుపుస్తకంలో రోజూ పొద్దున్న నాలుగు ముక్కలు రాయాలి: ఎన్నింటికి పక్క మీదకి చేరారు, సుమారు ఎంతసేపటికి నిద్ర పట్టింది, మధ్యలో ఎంతసేపు మెలకువగా ఉన్నారు, ఎన్నింటికి లేచారు. మధ్యాహ్నం కునుకు, వేసుకున్న మాత్రలు కూడా రాయాలి. గడియారం చూడకుండా ఉజ్జాయింపుగా రాస్తే చాలు. చేతికి పెట్టుకునే వాచీలు చూపించే "గాఢ నిద్ర 42 నిమిషాలు" లాంటి అంకెలు పట్టించుకోకండి. వాటిని చూసుకుని నిద్ర పాడుచేసుకున్న కుర్రాళ్లు నా దగ్గరికి బోలెడుమంది వస్తున్నారు.

రెండు వారాల సగటు రాత్రికి ఐదు గంటలు తేలిందనుకోండి. అప్పుడు మంచం మీద ఉండే సమయం ఐదున్నర గంటలకు కట్టేస్తాం. ఐదు గంటల కన్నా తక్కువకి ఎప్పుడూ వెళ్లం, ఇది గుర్తుంచుకోండి. ముందు లేచే సమయం నిర్ణయిస్తాం. అమ్మగారికి ఉదయం 5 అనుకుందాం. అక్కడ నుంచి వెనక్కి లెక్కేస్తే పడుకునేది రాత్రి 11:30. ముందు రాత్రి ఎలా గడిచినా, ఆదివారమైనా, పండగైనా 5కి లేవాలి. మధ్యాహ్నం నిద్ర లేదు. లేవగానే వాకిట్లోకి వెళ్లాలి. తెల్లవారాక అరగంట బయటి వెలుతురులో గడిపితే ఒంట్లోని గడియారం సరిపడుతుంది. ముగ్గు పెట్టడం, పూలు కోసుకోవడం, పాల కోసం నడవడం, ఏదైనా సరే.

ఇది చెప్పగానే పేషెంట్లు నా వైపు చూసే చూపు నాకు అలవాటైపోయింది. "నిద్ర పట్టడం లేదని వస్తే పడుకోవద్దంటారేంటి సార్?" అంటారు. ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి అయితే ఫీజు తిరిగి ఇమ్మన్నంత పనిచేశాడు. కానీ పెనం చిన్నదైతే ఉన్న పిండే నిండుగా పరుచుకుంటుంది. వారం పది రోజుల్లో నిద్ర ముక్కలు ముక్కలుగా ఉండటం తగ్గి ఒక్క ముక్కగా అతుక్కుంటుంది. మంచం మీద ఉన్న సమయంలో 85 నుంచి 90 శాతం నిద్రే అయితే, మరుసటి వారం పావుగంట ముందు పడుకోవచ్చు. అలా వారానికి పావుగంట చొప్పున పెంచుకుంటూ పోతాం. పగలు హుషారుగా అనిపించే చోట ఆగుతాం. అది ఆరున్నర గంటలు కావచ్చు, ఏడు కావచ్చు. "ఎనిమిది గంటలు పడుకోకపోతే గుండె పాడవుతుంది" అని అమ్మగారికి ఎవరో చెప్పారన్నారు కదా, ఆ భయమే చాలామంది నిద్ర చెడగొడుతోంది.

మొదటి పది రోజులు కష్టంగానే ఉంటాయి, దాచను. పగలు తూలుతుంది, చిరాకు పెరుగుతుంది. నాకు 45 ఏళ్లప్పుడు ఇంట్లో ఒక టెన్షన్ వల్ల మూడు నెలలు నిద్ర చెడితే ఈ పద్ధతి నా మీదే ప్రయోగించుకున్నాను. ఐదో రోజు ఓపీలో ఒకాయన తనకి నిద్ర రావడం లేదని చెబుతుంటే వింటూ వింటూ నేను కునికాను. ఆయన మళ్లీ రాలేదు. ఈ రోజుల్లో బండి నడపకూడదు, మెట్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. మూర్ఛ ఉన్నవాళ్లు, బైపోలార్ (ఉన్మాదం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు) ఉన్నవాళ్లు, లారీలు, బస్సులు నడిపేవాళ్లు ఇది సొంతంగా చేయకూడదు. బైపోలార్‌లో నిద్ర తగ్గిస్తే ఉన్మాదం ఎగదన్నుతుంది. బాగా పెద్ద వయసువాళ్లకి, పడిపోయే భయం ఉన్నవాళ్లకి ఒక్కసారిగా కాకుండా వారానికి కొంచెం కొంచెంగా మంచం సమయం తగ్గిస్తాం.

రాత్రి 11:30 దాకా మేలుకుని ఉండటమెలా అని అడుగుతారు. సోఫాలో వాలి టీవీ చూడటం పనికిరాదు, అక్కడే కునుకు పడుతుంది. నా పేషెంట్లలో ఆడవాళ్లు రేపటి పప్పు ఏరుకుంటారు, బట్టలు మడత పెడతారు, రామకోటి రాస్తారు. రామకోటి నాకు చాలా ఇష్టమైన మందు. దాంట్లో ఉత్కంఠ లేదు, వెలుగు తెర లేదు, ఎప్పుడైనా ఆపేయొచ్చు.

రెండున్నరకి మెలకువ వచ్చినప్పుడు కూడా అదే. రిచర్డ్ బూట్జిన్ అనే ఆయన 1972లో చెప్పిన సూత్రం ఒకటుంది, ఇప్పటికీ దానికి తిరుగులేదు. పక్క మీద ఉంటే నిద్ర పోవాలి, లేకపోతే పక్క దిగాలి. ఓ ఇరవై నిమిషాలు అయిందనిపించాక కూడా నిద్ర రాకపోతే లేచి వేరే గదిలో చిన్న లైటు కింద కూర్చోవాలి. కళ్లు మూతలు పడుతున్నప్పుడే తిరిగి రావాలి. ఒకే రాత్రిలో మూడుసార్లు లేవాల్సి వచ్చినా సరే. మూడేళ్లుగా ఆవిడ మంచం నిద్రకి కాదు, ఎదురుచూపుకి గుర్తుగా మారిపోయింది. పొద్దున్న కుర్చీలో పేపరు చదువుతూ కునికే మనిషికి, రాత్రి పరుపెక్కగానే కళ్లు పెద్దవి కావడం మీరు చూసే ఉంటారు. ఆ అలవాటుని మెదడు మరిచిపోవాలి. గోడ గడియారం కూడా ఆ గది నుంచి తీసేయండి.

ఇది మాత్రతో పోలిస్తే ఏపాటిది అని మీరు అడగొచ్చు. జోల్‌పిడెమ్ వంటి కొత్త తరం నిద్రమాత్రల పరీక్షలన్నీ కలిపి చూసిన ఒక సమీక్ష 2012లో వచ్చింది. ఉత్తుత్తి మాత్ర కన్నా అవి నిద్రని సుమారు 22 నిమిషాలు ముందు తెస్తాయని తేలింది. 2015లో సీబీటీ-ఐ మీద వచ్చిన ఇలాంటి సమీక్షలో నిద్ర పట్టే సమయం 19 నిమిషాలు, మధ్య రాత్రి మెలకువ 26 నిమిషాలు తగ్గాయి. రెండూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. తేడా తర్వాత తెలుస్తుంది. మాత్ర ఆపితే దాని లాభం కూడా ఆగిపోతుంది. పద్ధతి నేర్చుకున్నవాళ్లకి లాభం ఏడాది, రెండేళ్ల తర్వాత కూడా నిలుస్తోంది.

22 నిమిషాలేనా, మా అమ్మకి మాత్ర వేసుకుంటే రాత్రంతా పట్టేది కదా అంటారా? ఆల్‌ప్రజొలామ్ జాతి మందులకి ఒక గుణం ఉంది. మధ్యలో మేలుకున్న సంగతిని గుర్తుండనివ్వవు. నిద్ర బాగా పట్టిందన్న భావనలో కొంత వాటా ఈ మరపుది. పైగా అవి గాఢ నిద్రను తగ్గించి పైపై నిద్రను పెంచుతాయి. కొన్ని వారాల్లో మెదడు ఆ మందుకి అలవాటు పడిపోతుంది. అప్పుడు మాత్ర వేసుకున్నా నిద్ర పాతలాగానే ఉంటుంది, వేసుకోకపోతే మాత్రం ముందు కన్నా అధ్వాన్నంగా ఉంటుంది. సంక్రాంతికి మీరు చూసింది అదే. అది ఆవిడ అసలు నిద్రలేమి కాదు, మందు హఠాత్తుగా తీసేయడం వల్ల వచ్చిన ఎదురుదెబ్బ. ఆవిడ మాత్రం "చూశావా, మాత్ర లేకపోతే నేను బతకలేను" అని అర్థం చేసుకున్నారు. ఆ మూడు రాత్రుల వల్ల జరిగిన అసలు నష్టం ఆ నమ్మకం.

ఇది ఎంత దూరం పోతుందో మా ప్రాంతంలో వైద్యులందరం ఒకసారి కళ్లారా చూశాం. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ కల్లులో కలిపేది ఆల్‌ప్రజొలామ్, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు. నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో మనుషులు వణుకుతో, మూర్ఛలతో, లేనివి కనిపించి వింతగా మాట్లాడుతూ ఆసుపత్రులకి వరస కట్టారు. పొలం పనులు చేసుకునే మామూలు జనం. తాము ఒక మందుకి బానిసలమైన సంగతి కూడా వాళ్లలో చాలామందికి తెలియదు. అమ్మగారి మోతాదు అంత కాదు, భయపడకండి. కానీ చేతులు వణికాయి అన్నారు చూడండి, అది అదే గుంపు లక్షణం. అందుకే మళ్లీ అలా మాన్పించవద్దు. ఎప్పుడైనా మందు ఆగిపోయి మూర్ఛ వచ్చినా, మాట తడబడి గందరగోళంగా ఉన్నా అది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన పరిస్థితి.

కాబట్టి వరస ఇది. డైరీ రాసిన రెండు వారాలయ్యాక, ముందు మోతాదు స్థిరపరచాలి. ఒక రాత్రి ఒకటి, ఒక రాత్రి రెండు అన్నది ఆగాలి. రోజూ ఒకే మోతాదు, ఒకే సమయానికి. నిద్ర వచ్చినా రాకపోయినా అంతే. అర్ధరాత్రి రెండున్నరకి లేచి ఇంకోటి వేసుకోవడం అన్నింటికన్నా చెడ్డ అలవాటు. దాంతో మెలకువకి బహుమతి ఇచ్చినట్టవుతుంది. ఆ తర్వాత మాత్ర అలాగే ఉంచి, పైన చెప్పిన మంచం లెక్క నాలుగైదు వారాలు నడపాలి. నిద్ర అతుక్కున్నాక అప్పుడు తగ్గించడం మొదలుపెట్టాలి. ఈ వరసకి ఆధారం ఉంది. కెనడాకి చెందిన చార్లెస్ మోరిన్ బృందం 2004లో దీర్ఘకాలంగా నిద్రమాత్రలు వాడుతున్న పెద్దవాళ్లు 76 మంది మీద పరిశోధన చేసింది. మందు క్రమంగా తగ్గించడం ఒక్కటే చేసినవాళ్లలో 48 శాతం మానగలిగారు. తగ్గింపుతో పాటు నిద్ర చికిత్స కూడా ఇచ్చినవాళ్లలో 85 శాతం మానగలిగారు.

ఎంత నెమ్మదిగా తగ్గించాలి? అమెరికాలో 2025లో వచ్చిన మార్గదర్శకాలు రెండు నుంచి నాలుగు వారాలకి 5-10 శాతంతో మొదలుపెట్టమంటాయి. ఏ రెండు వారాల్లోనూ 25 శాతానికి మించవద్దంటాయి. మన చేతిలో ఉన్నవి 0.5, 0.25 బిళ్లలు. 0.5 నుంచి నేరుగా 0.25కి దిగితే అది సగానికి సగం, చాలా పెద్ద మెట్టు. 0.25 బిళ్ల ఒకటీ, ఇంకో 0.25లో సగమూ కలిపి 0.375 చేయొచ్చు. ఇంకా చిన్న మెట్లు కావాలంటే మేం కొందరికి ఒంట్లో ఎక్కువసేపు నిలిచే డైజిపామ్‌లోకి మార్చి తగ్గిస్తాం. ఇది చీటీ రాసే డాక్టరు పక్కనుండి చేయాల్సిన పని, ఫోన్‌లో అంకెలు చదివి ఇంట్లో చేసేది కాదు. బిళ్ల మీద ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్ అని ఉంటే అది మందు నెమ్మదిగా విడుదలయ్యే రకం, అసలు విరవకూడదు. చివరి పావు బిళ్ల అన్నింటికన్నా మొండిది. అక్కడ నెల ఆగినా తప్పులేదు. ప్రతి మెట్టు దిగినప్పుడూ రెండు మూడు రాత్రులు నిద్ర చెడుతుంది. అది ముందే చెప్పి ఉంచితే అమ్మగారు కంగారుపడరు. చెప్పకపోతే సంక్రాంతి కథే మళ్లీ జరుగుతుంది.

షాపులో పాత చీటీతో ఇస్తున్నారన్నారు. ఆల్‌ప్రజొలామ్, డైజిపామ్, జోల్‌పిడెమ్ మూడూ హెచ్1 షెడ్యూలులో, అంటే అమ్మకం మీద గట్టి నిబంధనలున్న మందుల జాబితాలో ఉన్నాయి. 2014 మార్చి నుంచి అమలులో ఉన్న ఆ నిబంధన ప్రకారం డాక్టరు చీటీ ఉంటేనే ఇవ్వాలి, పేషెంటు పేరు, రాసిన డాక్టరు పేరు రిజిస్టరులో రాయాలి, ఆ రిజిస్టరు మూడేళ్లు దాచాలి. అట్ట మీద ఎర్ర గీతల పెట్టెలో ఆ హెచ్చరిక ఉంటుంది, చూడండి. మూడేళ్ల కిందటి చీటీ అంటే చీటీ లేనట్టే.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒక పని ఉంది. నిద్రలేమి వెనక వేరే జబ్బు దాక్కుని ఉందేమో చూడాలి. అమ్మగారు గట్టిగా గురక పెడతారా, మధ్యలో ఊపిరి ఆగినట్టు అయి ఉలిక్కిపడతారా? బీపీ మందులతో అదుపులోకి రావడం లేదా? అయితే స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించాలి. దానికి నిద్రమాత్ర విరుగుడు కాదు, ఊపిరిని ఇంకా మందగింపజేయగలదు. సాయంత్రం అయ్యేసరికి కాళ్లు జివజివలాడి కదపకుండా ఉండలేకపోతున్నారా? రక్తంలో ఫెరిటిన్ చూడండి, ఇనుము నిల్వలు తక్కువగా ఉంటే అవి నింపడంతోనే కాళ్లూ నిద్రా రెండూ కుదుటపడినవాళ్లు ఉన్నారు. థైరాయిడ్, షుగరు సరేసరి. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేచే మనిషిని నిద్రలేమి పేషెంటు అనకూడదు. బీపీ కోసం ఇచ్చే, మూత్రం ఎక్కువ చేసే బిళ్ల సాయంత్రం వేసుకుంటుంటే పొద్దుటికి మార్చమని డాక్టరుని అడగండి. ఆయాసానికి వాడే థియోఫిలిన్, స్టెరాయిడ్లు కూడా నిద్ర చెడగొడతాయి.

ఇంకోటి, నాకు అన్నింటికన్నా అనుమానం ఉన్నది. తెల్లవారుజామున రెండున్నరకి మెలకువ రావడం, లేవగానే మనసు బరువుగా ఉండటం, సీరియల్ చూస్తున్నా కథ పట్టకపోవడం, తిండి మీద ధ్యాస లేకపోవడం. ఇవి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. నాన్నగారి దుఃఖం మూడేళ్లుగా ఆ ఇంట్లో ఒంటరిగా ఆవిడతోనే ఉంది. అలాంటప్పుడు డిప్రెషన్‌కి చికిత్స చేయాలి, దాంతో చాలామందికి నిద్ర కూడా మెరుగవుతుంది. అక్కడ మందు వాడటానికి నేను ఏమాత్రం వెనకాడను.

అసలు నిద్రమాత్ర అంటేనే పడదని నన్ను అనుకోకండి. మీ ఊరి డాక్టరు మొదట రాసిచ్చింది సరైన మందే. భర్త పోయిన వారంలో మనిషి నాలుగు రాత్రులు నిద్రలేకుండా ఉంటే "మంచం దిగి రామకోటి రాయండి" అని చెప్పేవాడు డాక్టరు కాదు. ఆపరేషన్ తర్వాత, పెద్ద షాక్ తగిలినప్పుడు రెండు మూడు వారాలు మాత్ర వాడటం మంచిదే. తప్పు జరిగింది పదిహేనో రోజున. "ఇక ఆపండి, ఇలా ఆపండి" అని చెప్పేవాళ్లు లేకపోయారు.

వేరే మందుల గురించి కూడా అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. జోల్‌పిడెమ్‌కి మారిస్తే సమస్య పేరు మారుతుంది, అంతే. నిద్రలోనే లేచి నడవడం, వండటం, బండి తీయడం వంటివి జరుగుతున్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో దాని మీద అత్యంత గట్టి హెచ్చరిక వేసింది. ఆడవాళ్లకి మోతాదు సగానికి, అంటే 10 నుంచి 5 మిల్లీగ్రాములకి తగ్గించమని 2013లోనే చెప్పింది. జలుబు మాత్రల మత్తుతో పడుకోవడం ఈ వయసులో మంచిది కాదు, మతిమరుపు, మలబద్ధకం, తూలి పడిపోవడం వస్తాయి. మెలటోనిన్ (నిద్రవేళను ఒంటికి తెలిపే హార్మోన్) మాత్రలకి ప్రమాదం తక్కువ, లాభమూ తక్కువే. విమాన ప్రయాణంలో గడియారం మారినప్పుడు పనికొచ్చినంతగా ఇక్కడ పనికిరాదు. గసగసాల పాలు ఇష్టమైతే తాగనివ్వండి. జాజికాయ మాత్రం చిటికెడు దాటనివ్వకండి, ఎక్కువైతే అది విషమే. అశ్వగంధ కొందరికి కొద్దిగా పనిచేస్తుంది, కానీ అరుదుగా లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి. థైరాయిడ్ మందు వాడుతుంటే అడగకుండా వేసుకోకూడదు. పెగ్గు గురించి అమ్మగారి విషయంలో చెప్పక్కర్లేదు. ఇది చదివే మగవాళ్ల కోసం ఒక్క మాట: మందు తాగితే మొదటి సగం రాత్రి నిద్ర పడుతుంది, రెండో సగం చెడుతుంది.

మీరు హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్ చేస్తూ పగలు నిద్ర పట్టడం లేదని చివర్లో ఒక వాక్యం రాశారు. మీ సమస్య వేరు, దానికి ఈ మంచం లెక్క వర్తించదు. మీ ఒంటి గడియారానికీ ఆఫీసు గడియారానికీ గొడవ అది. పొద్దున్న ఇంటికి వచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి, గదికి వెలుతురు చొరబడని కర్టెన్లు వేయండి, సెలవు రోజుల్లో పూర్తిగా పగటి మనిషిగా మారిపోకుండా కనీసం నాలుగు గంటల నిద్ర ఎప్పుడూ ఒకే వేళకి ఉంచుకోండి. మిగతాది విడిగా అడగండి, చెబుతాను.

అమ్మగారిని సైకియాట్రిస్టు దగ్గరికి రమ్మంటే "నాకేమైనా పిచ్చా?" అంటారు. అందరూ అంటారు. పట్టుబట్టకండి. మొదట ఆ మాత్ర రాసిన డాక్టరు దగ్గరికే, రెండు వారాల డైరీ పట్టుకుని వెళ్లండి. అంకెలు కళ్ల ముందుంటే ఆయన కూడా "అలాగే వాడండి" అని వదిలేయరు. మీ ఊళ్లో సీబీటీ-ఐ చేసే సైకాలజిస్టు దొరకడం కష్టమే. ఈలోగా ఎవరితోనైనా మాట్లాడాలంటే కేంద్రప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416 ఉంది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక మీ వంతు పని. మీరు రోజూ పొద్దున్నే ఫోన్ చేసి మొట్టమొదట అడిగేది "రాత్రి నిద్ర పట్టిందా అమ్మా?" అని రాశారు. ప్రేమతోనే అడుగుతున్నారు. కానీ ఆవిడ రోజూ రాత్రి పక్క ఎక్కేటప్పుడు, పొద్దున్న కొడుక్కి ఏం చెప్పాలా అన్న పరీక్ష కూడా నెత్తిన పెట్టుకుని ఎక్కుతున్నారు. డైరీ ఉంది కదా, నిద్ర సంగతి అది చూసుకుంటుంది. రేపటి నుంచి ఫోన్ చేసినప్పుడు టిఫిన్ ఏం చేసుకున్నావని అడగండి.